కెమిస్ట్రీ చేతికి రావాలి

డిగ్రీ ప్రవేశాల కోసం దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నెట్ సెంటర్లలో ఏటా వినిపించే మాట ఒకటుంది. "ఎంసెట్‌లో ర్యాంకు రాలేదన్నా, బీఎస్సీలో ఏదో ఒకటి పెట్టు." ఆ ఏదో ఒకటిలో కెమిస్ట్రీ దాదాపు ఖాయంగా ఉంటుంది. ఎంపీసీ తీసుకున్నా వస్తుంది, బీజెడ్‌సీ తీసుకున్నా వస్తుంది. అడగకుండా వచ్చిన సబ్జెక్టు కదా అని మూడేళ్లూ దాన్ని పక్కన పెట్టి, సెమిస్టర్ పరీక్షల ముందు పది రోజులు గైడు తిరగేసి, చివరికి మెమోలు తప్ప ఇంకేమీ మిగలని పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్లకు తెలివి లేక అలా జరగలేదు. ఆ సబ్జెక్టు తమ చుట్టూనే ఉందని వాళ్లకు ఎవరూ చూపించలేదు.

మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు వెళ్తే నేల కింద సున్నపురాయి, నేల మీద సిమెంటు ఫ్యాక్టరీలు. మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన ధాన్యం, ఆ ధాన్యం ఆడే మిల్లులు. సూర్యాపేట పక్కనే దాసాయిగూడెంలో మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారం. సూర్యాపేట మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ వైపు వెళ్తే చౌటుప్పల్ దగ్గర లింగోజిగూడెంలో దివీస్ ల్యాబొరేటరీస్. మిర్యాలగూడ దాటి దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం. అక్కడ బాయిలర్‌లోకి పోయే నీటిని రోజూ పరీక్షించేది కెమిస్టులే. వీటన్నింటికీ తోడు, ఫ్లోరైడ్ వల్ల దేశమంతా పేరు తెలిసిన పాత నల్లగొండ జిల్లా మనది.

కోదాడ కె.ఆర్.ఆర్. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదివినా, మిర్యాలగూడ కె.ఎన్.ఎం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదివినా, సూర్యాపేటలో ఏ కాలేజీలో చేరినా సిలబస్ నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానిదే. 2007లో పెట్టిన యూనివర్సిటీ అది. పాఠాలు ఒకటే, పరీక్షలు ఒకటే. తేడా వచ్చేది మీరు ఆ పాఠాన్ని కాగితం మీదే వదిలేస్తారా, చేతిలోకి తెచ్చుకుంటారా అన్న దగ్గర. కెమిస్ట్రీ ప్రశ్నల బ్యాంకుతో రాదు. చేత్తో చేస్తే వస్తుంది. చుట్టూ జరిగేదానితో కలిపి చదివితే నిలుస్తుంది. ఈ అధ్యాయమంతా దాన్ని ఎలా చేయాలో చెప్పడానికే.

బ్యూరెట్ ఎవరి చేతిలో ఉంది?

నలభై మంది పిల్లలకు పది బ్యూరెట్లు ఉన్న ల్యాబ్‌లో నలుగురికి ఒకటి వస్తుంది. ఒకరు చేస్తారు, ఒకరు రాస్తారు, ఇద్దరు చూస్తారు. చూసేవాళ్లు మొదటి సెమిస్టర్‌లో చూస్తూ మొదలుపెట్టి ఆరో సెమిస్టర్‌లో కూడా చూస్తూనే ఉంటారు. మీరు ఆ ఇద్దరిలో ఉండకండి. మొదటి వారంలోనే గ్రూపులో వంతులు మాట్లాడుకోండి. మీ వంతు రాకుండానే గంట కొడితే, ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగి ఇంకో పావుగంట ఉండండి. ఏ సీసాలో ఏముందో, ఏ బ్యూరెట్ కొళాయి కారుతుందో ఆ అన్నకు తెలిసినంతగా లెక్చరర్‌కు కూడా తెలియదు. మర్యాదగా అడిగిన పిల్లలకు ఆయన కాదనడం అరుదు.

ఇప్పుడు అసలు పని. 0.1 నార్మల్ సోడియం కార్బొనేట్ ద్రావణం 250 మిల్లీలీటర్లు తయారు చేయాలి. తుల్యభారం 53 కాబట్టి 1.325 గ్రాములు తూచాలని పుస్తకం చెబుతుంది. చాలామంది ఆ 1.325 కోసం చిటికెడు వేస్తూ, చిటికెడు తీస్తూ అరగంట తక్కెడ దగ్గరే నిలబడతారు. అవసరం లేదు. 1.312 వచ్చిందా, దాన్నే రాసుకోండి. మీ ద్రావణం గాఢత 0.0990 నార్మల్ అవుతుంది, అంతే. ద్రావణం గాఢత కచ్చితంగా 0.1 ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. అది ఎంత ఉందో మీకు కచ్చితంగా తెలిస్తే చాలు. ఈ ఒక్క విషయం అర్థమైన రోజున వాల్యూమెట్రిక్ అనాలిసిస్ అంటే భయం సగం పోతుంది.

తర్వాత చూపు. రంగులేని ద్రావణానికి వంపు అడుగున రీడింగ్ తీస్తాం. పొటాషియం పర్మాంగనేట్ లాంటి ముదురు రంగుకు అడుగు కనబడదు, పై అంచున తీస్తాం. మొదటి రీడింగ్ ఎక్కడ తీశారో చివరిదీ అక్కడే తీయాలి. కన్ను గీతకు సమానంగా ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్లు స్టూలు ఎక్కడానికి మొహమాటపడొద్దు. బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉంటే ముందే వదిలేయండి. నింపడానికి పెట్టిన గరాటును పైనే మరిచిపోతే అందులోంచి జారే ఒక్క చుక్క మీ లెక్కను చెడగొడుతుంది.

పర్మాంగనేట్‌ను ఆక్సాలిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేసేటప్పుడు ఇంకొంచెం శ్రద్ధగా చూడండి. సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు పోస్తున్నాం, హైడ్రోక్లోరిక్ ఎందుకు పోయకూడదు? పర్మాంగనేట్ క్లోరైడ్‌ను కూడా ఆక్సీకరించేస్తుంది, దానికి కొంత ఖర్చయిపోతుంది, రీడింగ్ ఎక్కువొస్తుంది. 60, 70 డిగ్రీలకు ఎందుకు వేడి చేస్తున్నాం? చల్లగా ఉంటే చర్య చాలా మెల్లగా జరుగుతుంది. వేడి చేసినా మొదటి చుక్కల రంగు పోవడానికి టైమ్ పడుతుంది, ఆ తర్వాత చుక్కలు పడీపడగానే మాయమవుతాయి. చర్యలో పుట్టిన మాంగనీసు అయానే ఆ చర్యకు ఉత్ప్రేరకం కావడం దానికి కారణం. తర్వాతి సెమిస్టర్లలో చర్యావేగాల పాఠంలో స్వయం ఉత్ప్రేరణ అని ఒక పేరా వస్తుంది. దాన్ని బట్టీ పట్టేవాళ్లు ఉంటారు. మీరు దాన్ని ముందే కళ్లతో చూసి ఉంటారు.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త ఆగాలి. ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రికార్డులో 20.0, 20.0, 20.0 అని మూడు రీడింగులు రాసేసే అలవాటు మన ల్యాబుల్లో బాగా పాతుకుపోయింది. పక్కవాడి రీడింగ్ చూసి రాస్తారు, సీనియర్ రికార్డు చూసి రాస్తారు, ముందు జవాబు లెక్కగట్టి దాని నుంచి వెనక్కి రీడింగ్ కట్టుకుంటారు. మార్కులు పడతాయి, నిజమే. కానీ ఆ చెయ్యి రేపు మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లోకి వెళ్తుంది. అక్కడ ప్రతి తూకం, ప్రతి రీడింగ్ చేసిన క్షణంలోనే పెన్నుతో రాయాలి. తప్పు రాస్తే దిద్దకూడదు, చెరపకూడదు. ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు మందు కంటే ముందు ఈ కాగితాల్నే చూస్తారు. కల్పించిన రీడింగులు దొరికితే కంపెనీకి హెచ్చరిక లేఖ వస్తుంది, ఎగుమతి ఆగిపోవచ్చు. ఆ మందు మింగేవాడు ఎక్కడో ఉంటాడు, అతని ప్రాణం ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది.

అందుకని మొదటి సెమిస్టర్ నుంచే ఒక రఫ్ నోట్‌బుక్ పెట్టండి. విడి కాగితాలు వద్దు. అరచేతి మీద రాసుకోవడం అసలే వద్దు. పేజీలకు నంబర్లు వేయండి. వచ్చింది వచ్చినట్టు రాయండి: 19.8, 20.3, 19.9, 19.9. రెండోది ఎందుకు తేడా వచ్చిందో పక్కన ఒక ముక్క రాయండి, "ముగింపు బిందువు దాటిపోయింది" అని. పది మార్కుల ప్రాక్టికల్‌లో ఒక మార్కు తగ్గితే తగ్గనీయండి. ఇంటర్వ్యూలో ఎవరైనా "రెండు రీడింగులు కలవకపోతే ఏం చేస్తావు?" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది.

జాగ్రత్తల గురించి క్లుప్తంగా. నోటితో పిపెట్ పీల్చడం ఇంకా చాలాచోట్ల సాగుతోంది. అది మానండి, రబ్బరు బల్బు వాడండి, ల్యాబ్‌లో లేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. చున్నీ వెనక్కి ముడి వేయండి, జుట్టు బిగించి కట్టండి. రబ్బరు చెప్పులతో ల్యాబ్‌లోకి రావద్దు. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు. ఈథర్ సీసా తెరిచిన బల్ల మీద దీపం వెలగకూడదు.

ఊళ్లో ఉన్న పాఠాలు

ముందు సున్నపురాయి. శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ 100 గ్రాములు కాలిస్తే 56 గ్రాముల సున్నం మిగిలి, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోతుందని ఇంటర్‌లోనే చదివారు. అదే లెక్కను మేళ్లచెరువు దారిలో రాయి మోస్తున్న టిప్పర్‌కు వేసి చూడండి. టన్ను శుద్ధ సున్నపురాయికి 440 కిలోలు గాలిలో కలుస్తాయి. సిమెంటు పరిశ్రమను వాతావరణానికి భారమని ఎందుకంటారో ఆ ఒక్క గుణకారంతో తెలిసిపోతుంది. బొగ్గు మానేసి ఇంకేదో కాల్చినా ఈ 440 కిలోలు తగ్గవు. అవి పొయ్యిలోంచి వచ్చినవి కావు, రాయిలోంచి వచ్చినవి.

రాయి, మట్టి కలిపి 1450 డిగ్రీల దగ్గర కాల్చి క్లింకర్ చేస్తారు. అందులో కొద్దిగా జిప్సం కలిపి పొడి చేస్తారు. ఆ జిప్సం లేకపోతే క్లింకర్‌లోని ట్రైకాల్షియం అల్యూమినేట్ నీళ్లు తగలగానే బిగుసుకుపోతుంది, మేస్త్రీ తాపీ ఎత్తే సమయం కూడా ఉండదు. ఫ్యాక్టరీ ల్యాబుల్లో ఇప్పుడు ఎక్స్‌రే యంత్రం నిమిషాల్లో ఏ ఆక్సైడ్ ఎంతుందో చెప్పేస్తుంది. అయినా క్లింకర్‌లో కలవకుండా మిగిలిన సున్నం ఎంతో తెలుసుకోవడానికి టైట్రేషన్ పద్ధతులు ఉన్నాయి. కాల్షియాన్ని ఈడీటీఏతో తేల్చడం కూడా మీరు కాలేజీలో చేసేదే. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో ఉత్తరం రాసి ఇండస్ట్రియల్ విజిట్ అడగండి. అనుమతి దొరికితే గేటు దగ్గర సెల్ఫీలతో సరిపెట్టుకోకండి. ముందురోజే పది ప్రశ్నలు రాసుకుని, ల్యాబ్ కెమిస్ట్ దగ్గర గంటసేపు కూర్చోండి.

మిర్యాలగూడ మిల్లుల సంగతి నాకు ఇంకా ఇష్టం. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యాన్ని నానబెట్టి ఆవిరి పడతారు. గింజలోని పిండిపదార్థం అప్పుడు జిగురుగా మారి, ఆరాక గట్టిపడుతుంది, అందుకే ఆడేటప్పుడు నూక తగ్గుతుంది. తవుడులో ఇంకో పాఠం దాగుంది. బియ్యం నుంచి తవుడు విడిపోగానే అందులోని లైపేజ్ ఎంజైమ్ నూనెను కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టడం మొదలుపెడుతుంది. తవుడును ఎంత త్వరగా నూనె మిల్లుకు చేరిస్తే అంత మంచి నూనె వస్తుందనడం అందుకే. ఆ ఆమ్లం ఎంతుందో కొలవడానికి కావాల్సింది ఆల్కహాల్, ఫినాఫ్తలీన్, తెలిసిన గాఢత ఉన్న పొటాషియం హైడ్రాక్సైడ్, ఒక బ్యూరెట్. మీ ల్యాబ్‌లో ఇవన్నీ ఉన్నాయి. అప్పుడే పట్టిన తవుడు నుంచి, వారం నిల్వ ఉన్న తవుడు నుంచి నూనె తీసి ఆమ్ల విలువలు పోల్చి చూడండి. చివరి ఏడాదికి ఇంతకంటే చక్కని ప్రాజెక్టు ఇంకెక్కడ దొరుకుతుంది? నెట్‌లోంచి దించిన ప్రాజెక్టును బైండింగ్ చేయించడానికి అయ్యే ఖర్చు కూడా దీనికి కాదు.

ఊక సంగతీ చూద్దాం. ధాన్యం బరువులో ఇంచుమించు ఐదో వంతు ఊక. ఊక కాలిస్తే అందులో ఇంచుమించు ఐదో వంతు బూడిద. అంటే టన్ను ధాన్యానికి 40 కిలోల బూడిద. ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా. ఎక్కువ వేడికి పోనివ్వకుండా, 700 డిగ్రీల లోపు కాలిస్తే ఆ సిలికాకు స్ఫటిక రూపం ఉండదు, చురుగ్గా చర్య జరుపుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కలిసి అది అదనపు బలాన్నిస్తుంది. మిర్యాలగూడ మిల్లు పొయ్యిలోని బూడిద, మేళ్లచెరువు ఫ్యాక్టరీలోని సిమెంటు ఒకే సమీకరణంలో కలుస్తాయన్నమాట. సిలికా స్ఫటిక రూపాల గురించి అకర్బన రసాయన శాస్త్రంలో చదివేటప్పుడు ఈ బూడిదను తలచుకోండి, ఇక మరిచిపోరు.

నీళ్ల దగ్గరికి వద్దాం. నల్లగొండ టెక్నిక్ అనే పేరును ప్రపంచంలో ఫ్లోరైడ్ మీద పనిచేసే ఏ ఇంజినీర్‌ను అడిగినా చెబుతారు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో రూపొందించిన పద్ధతి అది. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి, గిలక్కొట్టి, తేర్చి, వడగట్టడం. పటికలోని అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి మడ్డిలా దిగుతూ ఫ్లోరైడ్‌ను తనతో లాక్కెళ్తుంది. ఖర్చు తక్కువ, చేయడం తేలిక. కానీ పటిక ఎంత వేయాలన్నది నీటి క్షారత, ఫ్లోరైడ్ రెండింటి మీదా ఆధారపడుతుంది. లెక్క తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. పైగా ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య. ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో శుద్ధిచేసిన నది నీళ్లు వస్తున్నాయి, మంచిదే. అయినా బోరు నీళ్లు తాగే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీటి ఆధారం లేకపోతే 1.5 వరకు అనుమతిస్తారు. మరి గ్రానైట్ నేలల బోర్లలో అది అంతకు మించి ఎందుకు పెరుగుతుంది? రాళ్లలోని ఫ్లోరైడ్ ఖనిజాలు కరగడం ఒక కారణం. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉండడం ఇంకో కారణం. కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అవక్షేపమయ్యేది. ద్రావణీయతా లబ్ధం పాఠం మొత్తం ఈ ఒక్క బోరులో ఉంది. మీ ఊరి రెండు మూడు బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి, ఈడీటీఏతో కాఠిన్యం, ఆమ్లంతో క్షారత చూడండి. ఫ్లోరైడ్ కొలిచే పరికరం కాలేజీలో లేకపోతే, ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబ్‌లో చేయించే వీలుందేమో లెక్చరర్ ద్వారా అడగండి. ఫలితం వచ్చాక ఆ బోరు వాడేవాళ్లకు వెళ్లి చెప్పండి. అది మీ బాధ్యత కూడా.

ఎక్కడ తడబడతారో

బీజెడ్‌సీ పిల్లలకు భౌతిక రసాయన శాస్త్రం అంటే వణుకు. కెమిస్ట్రీలో వాళ్లకు లోపమేమీ ఉండదు, ఇంటర్‌లో లెక్కలు వదిలేయడమే అసలు ఇబ్బంది. దీనికి పెద్ద వైద్యం అక్కర్లేదు. పదో తరగతి లెక్కల పుస్తకం తీయండి. అందులో సంవర్గమానాలు ఉన్నాయి. వాటిని ఒక వారం చేయండి. సరళరేఖ వాలు ఎలా కనుక్కోవాలో ఇంకో వారం. అవకలనం, సమాకలనం మీద ఇంటర్ పుస్తకంలోని మొదటి లెక్కలు మరో రెండు వారాలు. ప్రథమ క్రమాంక చర్య, ఆర్హీనియస్ సమీకరణం, పీహెచ్, నెర్న్‌స్ట్ సమీకరణం, ఇవన్నీ ఈ కాస్త లెక్కల మీదే నిలబడి ఉన్నాయి. ఎంపీసీ వాళ్లకు ఈ బాధ ఉండదు గానీ, గ్రాఫ్ గీసి వాలును యూనిట్లతో సహా చెప్పమంటే వాళ్లలోనూ చాలామంది ఆగిపోతారు.

కర్బన రసాయన శాస్త్రంలో చర్యల పేర్లు బట్టీ పట్టడం వృథా శ్రమ. ఆల్డాల్, కానిజారో రెండూ క్షారంతోనే జరుగుతాయి. అసిటాల్డిహైడ్‌కు ఒకటి, బెంజాల్డిహైడ్‌కు ఇంకొకటి ఎందుకు? కార్బొనైల్ పక్క కార్బన్ మీద క్షారం లాక్కోగల హైడ్రోజన్ ఉందా లేదా, అంతే తేడా. ఈ ప్రశ్న వేసుకున్నవాడికి రెండు చర్యలూ ఒకేసారి వస్తాయి. రోజూ ఒక తెల్ల కాగితం తీసుకుని, పుస్తకం మూసి, ఒక్క చర్యావిధానాన్ని బాణాలతో సహా గీయండి. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో ఆ బాణం చెబుతుంది. తెలియక ఆగిన చోటే ఆ రోజు చదవాల్సింది ఉంది.

మీడియం గురించి పిల్లలు చాలా కుంగిపోతారు. తెలుగులో చదివామని తలవంచుకోవద్దు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ కెమిస్ట్రీని తెలుగులో చక్కగా అచ్చువేసింది. సమతాస్థితి, ఎంట్రోపీ లాంటి కష్టమైన భావనల్ని ముందు అందులో చదివి అర్థం చేసుకోండి. కానీ ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, కంపెనీ కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కాబట్టి అర్థమైన పాఠాన్ని అదే వారంలో ఇంగ్లిష్ పుస్తకంలోనూ చదవండి. రోజూ ఒక పేరా ఇంగ్లిష్‌లో సొంతంగా రాయండి. వ్యాకరణం తప్పులు పోతే పోనీ, ఆరు నెలల్లో అవే తగ్గుతాయి.

నేరేడుచర్ల, గరిడేపల్లి, మునగాల, చివ్వెంల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే పిల్లలకు ఒక మాట. బస్సులో కెమిస్ట్రీ చదవడం కష్టం, సమీకరణాలు ఊగే సీటులో తలకెక్కవు. ఆ సమయాన్ని తెల్ల కాగితం మీద నిన్న గీసింది మనసులో తిప్పుకోవడానికి వాడండి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. ల్యాబ్ ఉన్న రోజు ఒక్క క్లాసే ఉందని ఇంటి దగ్గర ఆగిపోకండి. ఆ క్లాసు కోసమే రండి.

సుబ్బారావు నీలిరంగు

ఉప్పు విశ్లేషణలో ఫాస్ఫేట్‌కు అమ్మోనియం మాలిబ్డేట్ పోసి పసుపు అవక్షేపం చూస్తారు కదా. ఆ చర్యను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి, వచ్చిన పదార్థాన్ని క్షయీకరిస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత ముదురుగా ఉందో కొలిస్తే ఫాస్ఫరస్ ఎంతుందో తెలుస్తుంది. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఈ కొలతను నమ్మదగిన పద్ధతిగా మార్చినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు ఆయన. ఆ పద్ధతితోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం మీద ఆయన బృందం చేసిన పని క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌కు దారితీసింది. ఈ రోజుకీ మట్టిలోనో నీటిలోనో ఫాస్ఫేట్ కొలిచే ల్యాబుల్లో ఆ నీలిరంగు మూలసూత్రమే నడుస్తోంది. గొప్ప ఆవిష్కరణల వెనుక ఒక మంచి కొలత ఉంటుందని నేను నమ్మడానికి సుబ్బారావు ఒక కారణం.

మూడో ఏడాది వచ్చేసరికి

దారులు మూడు. ఎమ్మెస్సీ, ఉద్యోగం, బీఎడ్. వీటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని నేను అనను. కానీ మూడింటికీ సిద్ధపడే సమయం వేరు.

ఎమ్మెస్సీ అనుకుంటే మన రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్. జామ్ కెమిస్ట్రీలో 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. అందులో 20 ప్రశ్నలకు అంకె జవాబు మీరే వేయాలి. వాటికి, ఒకటికంటే ఎక్కువ జవాబులుండే పది ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు. దరఖాస్తు ఐదో సెమిస్టర్ మొదట్లోనే, వానాకాలం ముగిసే వేళకు వస్తుంది. ఫలితాలు చూసుకుని అప్పుడు చూద్దాంలే అనుకునేవాళ్లకు ఈ తేదీ దాటిపోతుంది. రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు దేశంలోని సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి. ఎంపికైతే వేసవిలో రెండు నెలలు ఒక పరిశోధన ల్యాబ్‌లో పనిచేయొచ్చు. మన కాలేజీల నుంచి ఎవరూ పెట్టరనుకోవద్దు, పెట్టిన వాళ్లలోంచే ఎంపిక చేస్తారు.

బీఎడ్ చేసి ఫిజికల్ సైన్స్ టీచర్ కావాలనుకునేవాళ్లకు ఎడ్‌సెట్, టెట్, డీఎస్సీ. ఊరి బడిలో పిల్లలకు ఆక్సిజన్ తయారుచేసి చూపించగల టీచరు ఎంత అవసరమో మన బడులు చూస్తే తెలుస్తుంది. ల్యాబ్‌లో చేయి తిరిగినవాళ్లు ఈ దారిలోనూ మిగతావాళ్లకంటే ముందుంటారు.

ఉద్యోగం దగ్గర కళ్లు తెరుచుకుని ఉండండి. మందుల కంపెనీల్లో బీఎస్సీ వాళ్లను ఎక్కువగా తీసుకునేవి రెండు విభాగాలు. ప్రొడక్షన్‌లో రియాక్టర్ల దగ్గర షిఫ్టుల్లో పని, సాల్వెంట్ల వాసన, బరువు పని. క్వాలిటీ కంట్రోల్‌లో హెచ్‌పీఎల్‌సీ లాంటి యంత్రాలు, టైట్రేషన్లు, కాగితాలు. అక్కడా షిఫ్టులు ఉండొచ్చు. చేరాక విభాగం మారడం తేలిక కాదు, కాబట్టి ఏ విభాగమో ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. "ముందు రెండేళ్లు ఉద్యోగం చేసి తర్వాత ఎమ్మెస్సీ చేస్తా" అనే మాట చాలామంది అంటారు, జీతం చేతికి రావడం మొదలయ్యాక రెగ్యులర్ ఎమ్మెస్సీకి తిరిగొచ్చేవాళ్లు కొద్దిమందే. పై మెట్టు ఎక్కాలనుంటే వీలైతే ముందే చదివేయడం మేలని నా అభిప్రాయం. ఇంటి పరిస్థితి ఒప్పుకోకపోతే మాత్రం ఉద్యోగంలో చేరడానికి సంకోచించొద్దు.

వాక్ ఇన్ ఇంటర్వ్యూకు మీ రఫ్ నోట్‌బుక్ పట్టుకెళ్లండి. 19.8, 20.3 అని రాసిన పేజీ చూపించండి. తవుడు నూనె ప్రాజెక్టు ఉంటే దాని గురించి చెప్పండి. మీరు కూడా అడగండి: షిఫ్టు ఎన్ని గంటలు, బస్సు ఎక్కడి నుంచి, మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు కంపెనీయే ఇస్తుందా, మొదటి మూడు నెలలు ఎవరు నేర్పిస్తారు, ఏటా ఆరోగ్య పరీక్షలు చేయిస్తారా. రాత్రి షిఫ్టు ఉంటే దింపే వాహనం గురించి ఆడపిల్లలు ముందే తేల్చుకోవాలి. బాండు మీద సంతకం అడిగితే ఇంటికి తెచ్చి, చదివి, తెలిసినవాళ్లకు చూపించాకే పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించి అదే రోజు వెనక్కి తీసుకోండి, జిరాక్సులు ఇవ్వండి. ఆ ఒరిజినల్స్ వచ్చే ఏడాది సీపీగెట్ కౌన్సెలింగ్‌కు మీకే కావాల్సి రావొచ్చు.